రచనా పత్రికకు సంపాదకీయ విధానం: రాసుకోవడం, పాటించడం

నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో నలుగురు సాహిత్యాభిమానులు కలిసి పత్రిక పెడదామనుకుంటే మొదట పేరు గురించి మాట్లాడుకుంటారు, తర్వాత ముఖచిత్రం గురించి, ఆ తర్వాత ఫారాలెన్ని, కాగితం ఏ రకం, చందా ఎంత అన్న లెక్కల గురించి. వచ్చిన రచనను ఎవరు చదవాలి, ఏ కారణంతో తీసుకోవాలి, ఏ కారణంతో తిప్పిపంపాలి, తప్పు దొర్లితే ఎవరు ఎక్కడ ఒప్పుకోవాలి అన్న ప్రశ్నలు మాత్రం "అందరం తెలిసినవాళ్లమే కదా, అప్పుడు చూసుకుందాంలే" అన్న మాటతో వాయిదా పడతాయి. తగువు వచ్చిన రోజున రాసుకునే నియమం ఏదైనా ఎవరో ఒకరికి వ్యతిరేకంగా రాసినట్టే కనిపిస్తుంది కాబట్టి, మొదటి రచన చేతికి అందకముందే విధానం కాగితం మీద ఉండాలి.

కథ, వ్యాసం, అనువాదం, పరిష్కరణ, బడిలో రచన నేర్పే తీరు వంటి విషయాల మీద, అంటే రాయడం గురించే, పత్రిక నడపదలచినవారిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి చెబుతున్నాను. చాలామంది సంపాదకీయ విధానాన్ని రచయితలకు పెట్టే షరతుల పట్టికగా భావిస్తారు. నా ఉద్దేశంలో అది ముందుగా కట్టిపడేయవలసింది సంపాదకుణ్ణే. మన జిల్లాల్లో పత్రికల నైతికతకు తగిలే దెబ్బల్లో దురుద్దేశం వల్ల తగిలేవి తక్కువ, మొహమాటం వల్ల తగిలేవి ఎక్కువ. రాతపూర్వకమైన నియమం ఉంటే సంపాదకుడు "నాకు ఇష్టమే గానీ మా నియమం ఒప్పుకోదు" అని మర్యాద చెడకుండా చెప్పగలుగుతాడు.

ముందు పత్రిక స్వభావం తేల్చుకోవాలి

మీది సాహిత్య పత్రికా, పరిశోధన పత్రికా అన్నది మొదటి పుటలోనే స్పష్టం కావాలి. చట్టం దృష్టిలో కూడా ఈ తేడాకు ప్రాముఖ్యం ఉంది. 1867 నాటి పత్రికల, పుస్తకాల నమోదు చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రజా సంబంధమైన వార్తలను, వాటిపై వ్యాఖ్యలను నిర్ణీత వ్యవధిలో అచ్చువేసే పత్రికలు ఈ చట్టం కింద ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ వద్ద నమోదు కావాలి. పుస్తకాలు, శాస్త్ర, సాంకేతిక, విద్యావిషయక పత్రికలు దీని పరిధిలోకి రావు. కలెక్టరు కార్యాలయం చుట్టూ డిక్లరేషన్ కోసం తిరిగే పాత పద్ధతి పోయి దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా జరుగుతోంది. రచన గురించిన పత్రికలో సభల వార్తలు, ప్రభుత్వ భాషా విధానంపై వ్యాఖ్యలు కూడా వేయదలచుకుంటే విద్యావిషయక పత్రిక అన్న మినహాయింపు మీద ఆధారపడకుండా, ముందుగా న్యాయవాదిని అడిగి తేల్చుకోవడం మంచిది.

ఐఎస్ఎస్ఎన్ అనే ఎనిమిది స్థానాల సంఖ్యను మన దేశంలో ఢిల్లీలోని నిస్పర్ సంస్థలో ఉన్న జాతీయ కేంద్రం ఉచితంగా ఇస్తుంది. అచ్చు ప్రతికి ఒకటి, అంతర్జాల ప్రతికి మరొకటి తీసుకోవాలి. అది పత్రికను గుర్తించడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే. నాణ్యతకు ముద్ర కాదు. కొందరు దాన్ని ముఖచిత్రం మీద పెద్ద అక్షరాలతో వేసి గుర్తింపు పొందిన పత్రిక అని రాసుకుంటారు. అలా రాయకూడదని విధానంలోనే చేర్చుకోవచ్చు. అలాగే ప్రమాణాలకు నిలిచే పరిశోధన పత్రికల పేర్లతో 2019లో మొదలైన యూజీసీ-కేర్ జాబితాను యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2025లో నిలిపివేసి, పత్రికను ఎంచుకునేటప్పుడు చూడవలసిన అంశాలను మాత్రం సూచించింది. కాబట్టి ఇప్పటికీ "కేర్ లిస్టులో ఉన్న పత్రిక" అని ప్రచారం చేసుకోవడం పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించడమే అవుతుంది. పదోన్నతి కోసం వ్యాసం అచ్చులో చూపించవలసిన అధ్యాపకులు "ఈ నెలలోనే వేసి సర్టిఫికెట్ ఇవ్వండి" అని అడగడం మామూలే. పరిశీలన పూర్తికానిదే అంగీకార పత్రం ఇవ్వబోమన్న వాక్యం వారికి ముందే కనబడేలా ఉండాలి.

హామీపత్రంలో ఏముండాలి

తెలుగు పత్రికలకు రచన పంపినవారందరికీ హామీపత్రం అలవాటే. "ఈ రచన నా స్వంతం, దేనికీ అనుకరణ గానీ అనువాదం గానీ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అన్న మూడు ముక్కలతో అది సాధారణంగా ముగుస్తుంది. నేటి పరిస్థితికి అది చాలదు. ఫేస్‌బుక్ గోడ మీద, వాట్సాప్ బృందంలో పెట్టిన రచన "ఇంతకుముందు ప్రచురితం" కిందికి వస్తుందా రాదా అన్నది పత్రిక నిర్ణయించి చెప్పాలి. నా సలహా ఏమంటే, మిత్రబృందంలో అభిప్రాయం కోసం పెట్టిన చిత్తుప్రతిని ప్రచురితంగా లెక్కించనక్కరలేదు గానీ, అందరికీ కనబడేలా పూర్తి పాఠం పెట్టి ఉంటే ఆ సంగతి రచయిత చెప్పాలి, పత్రిక కూడా వ్యాసం కింద దాన్ని ప్రకటించాలి. సదస్సులో చదివిన పత్రం, పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలోని అధ్యాయం కూడా ఇలాంటివే: వేయవచ్చు, దాచకూడదు.

పేరు ఎవరికి దక్కాలి అన్న ప్రశ్న కూడా హామీపత్రంలోనే తేలాలి. పర్యవేక్షకుడన్న కారణంతో, శాఖాధిపతి అన్న కారణంతో రెండో పేరు చేర్చడం మన కళాశాలల్లో కొత్త కాదు. ఆలోచనలోగానీ సామగ్రి సేకరణలోగానీ రాతలోగానీ గణనీయంగా పాలుపంచుకుని, తుది ప్రతిని చదివి బాధ్యత వహించినవారే రచయితలని, మిగిలినవారికి కృతజ్ఞతల్లో చోటని రాసుకోవాలి. ఇద్దరు రచయితలుంటే ఎవరు ఏ పని చేశారో ఒక్కొక్క వాక్యంలో రాసివ్వమని అడగండి. ఆ వాక్యం రాయలేనప్పుడు రెండో పేరు ఎందుకుందో దానంతటదే అర్థమవుతుంది.

చనిపోయిన రచయిత అసంపూర్ణ రాతప్రతిని కుటుంబసభ్యులు తెచ్చి "మీరే పూర్తిచేసి వేయండి" అని కోరడం కూడా తరచు జరుగుతుంది. నన్నయ భారతం అరణ్యపర్వంలో నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోతే, అద్దంకి రెడ్ల ఆస్థానంలో ఉన్న ఎఱ్ఱన దాన్ని పూరించి, తన ప్రభువుకు కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితంగా, నన్నయ రచించినట్టుగానే సాగించాడు. అది ఆనాటి వినయం, ఆనాటి మర్యాద. అయినా ఎక్కడ నన్నయ ఆగాడో, ఎక్కడ ఎఱ్ఱన అందుకున్నాడో ఆ పద్యం సహా లోకానికి తెలుసు. కాబట్టి ఎవరూ మోసపోలేదు. నేటి పత్రిక పూరణను వేయదలిస్తే ఆ సరిహద్దును పేజీ మీదే చూపించాలి: ఫలానా పేరా వరకు మూల రచయిత, అక్కడి నుంచి ఫలానావారు అని.

పరిశీలన, మొహమాటం

పరిశీలకుడికి రచయిత పేరు, రచయితకు పరిశీలకుడి పేరు తెలియకుండా చదివించే పద్ధతిని పరిశోధన పత్రికలు విస్తృతంగా పాటిస్తాయి. పేరున్న మొదటి పుట తీసేస్తే సరిపోదు. ఫైలు వివరాల్లో కంప్యూటరు దాచుకునే పేరును, "నా గత వ్యాసంలో చెప్పినట్టు" వంటి వాక్యాలను కూడా తొలగించాలి. ఇదంతా చేసినా మన ప్రాంతంలో గోప్యత నిలవడం కష్టం. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం, నెల్లూరుకు తరలివచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం, కళాశాలల తెలుగు శాఖలు, వర్ధమాన సమాజం వంటి సాహిత్య సంస్థలు ఉన్నందువల్ల చదివిపెట్టేవారికి కొదవ లేదు; కానీ ఆ వలయంలో ప్రతివారికీ ప్రతివారి శైలి తెలుసు. రెండో పేరా చదివేసరికి "ఇది ఫలానా మాస్టారు రాసింది" అని పరిశీలకుడు పోల్చేస్తాడు.

కాబట్టి గోప్యతను మాత్రమే నమ్ముకోకుండా, సంబంధాలను ప్రకటించే నియమాన్ని దానికి తోడు పెట్టుకోవాలి. రచయితను గుర్తుపట్టిన పరిశీలకుడు ఆ సంగతిని సంపాదకుడికి రాయాలి. గుర్తుపట్టడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. బంధుత్వం, గురుశిష్య సంబంధం, ఒకే కార్యాలయంలో ఉద్యోగం, ఒకే సంస్థ కార్యవర్గంలో సభ్యత్వం, ఒకే అవార్డు కమిటీలో ఉండడం, నడుస్తున్న తగాదా, వీటిలో ఏదున్నా రచన మరొకరికి వెళ్లాలి. ఇద్దరు పరిశీలకుల్లో ఒకరైనా వేరే జిల్లావారై ఉండాలన్న నియమం పెట్టుకుంటే పని తేలికవుతుంది. వరంగల్లులోనో విశాఖపట్నంలోనో ఉన్నవారికి మన టౌన్‌హాలు రాజకీయాలు తెలియవు.

పుస్తక సమీక్షల దగ్గర ఇది ఇంకా అవసరం. సమీక్ష కోసం రెండు ప్రతులు పంపడం మన ఆచారం. ఒకటి సమీక్షకుడికి, ఒకటి పత్రికకు. దానితో ఎవరికీ పేచీ లేదు. రచయితే సమీక్షకుణ్ణి సూచించి, ఆయన ముందుమాట రాసినవాడో, ఆవిష్కరణ సభలో పుస్తకాన్ని పరిచయం చేసినవాడో అయి, సభలో చేసిన ప్రసంగమే సమీక్షగా అచ్చయినప్పుడు పాఠకుడికి అన్యాయం జరుగుతుంది. ముందుమాట రాసినవారు, సభలో మాట్లాడినవారు, పుస్తకం వెనక అట్ట మీద అభిప్రాయం ఇచ్చినవారు ఆ పుస్తకాన్ని సమీక్షించరాదని ఒక్క వాక్యం రాసుకోండి. ఈ వాక్యం వల్ల మొదటి ఏడాది సమీక్షకులు దొరక్క ఇబ్బందిపడతారన్నది నిజమే. సమీక్షలు తక్కువైనా ఫరవాలేదు.

సంపాదకుడి సొంత రచనకు విడిగా దారి వేయాలి. మరో సభ్యుడు దాన్ని స్వీకరించి, పరిశీలకులను తానే ఎంచుకుని, సంపాదకుడికి తెలియనివ్వకుండా నిర్ణయం తీసుకోవాలి; వ్యాసం కింద ఆ సంగతి ముద్రించాలి. రచన అందినట్టు పదిహేను రోజుల్లో, నిర్ణయం మూడు నెలల్లో తెలియజేస్తామని గడువు పెట్టుకుంటే చిన్న పత్రికకు సాధ్యమే. తిరస్కరించేటప్పుడు "స్థలాభావం వల్ల" అని రాయడం మన పాత మర్యాద గానీ, నిజంగా స్థలాభావమే కారణమైతే తప్ప అలా రాయకండి. నిరాకరించిన రచన సంగతి సభ ముగిశాక టీ తాగుతూ చెప్పుకునే కబురు కాకూడదు. గోప్యత నియమం పరిశీలకులతోపాటు టైపు చేసేవారికి, ప్రూఫులు దిద్దేవారికి కూడా వర్తించాలి.

దిద్దుబాటు ఎంతవరకు

రాయడం గురించిన పత్రికలో సంపాదకుడి కలానికి హద్దు గీయకపోతే మిగతా విధానమంతా రాసుకున్నా ప్రయోజనం ఉండదు. పాఠకులూ రచయితలూ వాక్యాల మీదే శ్రద్ధ పెట్టేవారు కాబట్టి వాక్యాన్ని ముట్టుకునే ప్రతి చేతికీ లెక్క ఉండాలి.

ఉదయగిరి వైపు నుంచి ఒక రచయిత ఆత్మకథాత్మక వ్యాసంలో ఇలా రాశాడనుకుందాం: "మా నాయన తెల్లారకముందే కయ్యకాడికి పోతా ఉండాడు, గెనిమ మీద కూసోని నేను చూస్తా ఉండా." దీన్ని "మా నాన్న తెల్లవారకముందే పొలం దగ్గరికి వెళ్తున్నాడు, గట్టు మీద కూర్చుని నేను చూస్తున్నాను" అని దిద్దితే వ్యాకరణం తప్పు లేదు, అర్థమూ పోలేదు. కానీ ఆ వాక్యం రాసిన మనిషి అక్కడ లేడు. దాన్ని యథాతథంగా ఉంచడమే సరైన పని. అదే రచయిత తర్వాతి పేరాలో "అమ్మ ఇంట్లోనే ఉన్నది" అని రాసి ఉంటే సంపాదకుడు అంచున ఒక ప్రశ్న రాయాలి: "పైన 'ఉండాడు', ఇక్కడ 'ఉన్నది'. కథకుడి గొంతు ఇక్కడ కావాలనే మారిందా?" దిద్దకుండా అడగాలి. రచయిత "కావాలనే" అంటే ఉంచాలి, "చూసుకోలేదు" అంటే ఆయన చేతనే మార్పించాలి.

దీన్ని నియమంగా రాయాలంటే మార్పులను వాటి బరువును బట్టి వేరుచేయాలి. అచ్చుతప్పులు, విరామచిహ్నాలు, ఉల్లేఖనల్లో పొరపాట్లు, పత్రిక అంతటా పాటించే వర్ణక్రమం వంటివి అడగకుండానే సరిచేయవచ్చు. వాక్యాన్ని విరవడం, కలపడం, పునరుక్తిని తీసేయడం వంటివి చేసి ప్రూఫులో రంగు వేసి చూపించాలి. శీర్షిక మార్చడం, మాండలికాన్ని మార్చడం, పేరా తొలగించడం, ముగింపు కత్తిరించడం రచయిత రాతపూర్వకంగా ఒప్పుకున్న తర్వాతే జరగాలి. ఒప్పుకోకపోతే రచనను వదులుకోవాలి గానీ మార్చి వేయకూడదు. కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా రచయితకు తన పేరు మీద, తన ప్రతిష్ఠకు భంగం కలిగించే మార్పులను అడ్డుకోవడం మీద అధికారం మిగిలే ఉంటుంది. "అవసరమైన మార్పులు చేసే హక్కు సంపాదకులదే" అన్న పాత ప్రకటన ఆ అధికారాన్ని తుడిచేయదు.

ప్రూఫు ఎప్పుడు పంపాలన్నది కూడా చిన్న విషయంలా కనిపించే పెద్ద విషయం. రచయితలు ఇప్పుడు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి పంపుతున్నారు; డీటీపీ కేంద్రంలో దాన్ని యూనికోడ్ కాని అను ఫాంటులోకి మార్చి పేజీ కడుతున్నారు. ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి, పొల్లు అక్షరాలు పక్క అక్షరంతో అతుక్కుంటాయి, పద్యపాదం కాలమ్ వెడల్పు చాలక రెండు ముక్కలవుతుంది. మార్పిడికి ముందు చూపిన ప్రూఫు వల్ల ప్రయోజనం లేదు. పేజీ కట్టిన తర్వాత పీడీఎఫ్ పంపి, మూడు రోజుల గడువిచ్చి, "చూశాను, ముద్రించవచ్చు" అన్న జవాబును దాచిపెట్టుకోవాలి. జవాబు రాకపోతే వేస్తారా ఆపుతారా అన్నది ముందే చెప్పాలి. మాండలికమూ పద్యమూ ఉన్న రచనలకు ఆపడమే మేలు.

ఉల్లేఖనలు, హక్కులు

రచన గురించి రాసే వ్యాసం ఇతరుల రచనలను ఉటంకించకుండా నడవదు. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు ఉల్లేఖించడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షను అవకాశమిస్తుంది. ఎన్ని పంక్తులన్న లెక్క అందులో లేదు. "పది పంక్తుల వరకు ఫరవాలేదు" అన్న ప్రచారానికి ఆధారం లేదు. నాలుగు పంక్తుల కవితను పూర్తిగా అచ్చువేస్తే అది మొత్తం రచనే అవుతుంది. విశ్లేషణకు అవసరమైనంతే తీసుకోవడం, పూర్తి కవితనో పూర్తి కథనో వేయవలసి వస్తే రచయిత లేదా వారసుల అనుమతి తెప్పించడం పత్రిక నియమంగా ఉండాలి.

హక్కు గడువు మన దేశంలో రచయిత జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు. మరణించిన ఏడాది పూర్తయిన తర్వాతి జనవరి నుంచి లెక్క మొదలవుతుంది. కవికోకిల దువ్వూరి రామిరెడ్డి 1947లో కన్నుమూశారు కాబట్టి ఆయన పద్యాల మీద హక్కు 2007 డిసెంబరుతో తీరిపోయింది. వాటిని ఎంతైనా ఉటంకించవచ్చు. అయితే ఆ పద్యాలకు తర్వాతివారు రాసిన వ్యాఖ్య, పీఠిక, అనువాదం వేరే హక్కుల కిందికి వస్తాయి.

పత్రిక తీసుకునే హక్కు సంగతికి వస్తే, నోటిమాటతో హక్కుల బదిలీ చెల్లదు. 19వ సెక్షను ప్రకారం అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కిస్తుంది. చిన్న పత్రికకు తొలి ప్రచురణ హక్కు, తన సంచికల భాండారంలో ఉంచుకునే హక్కు చాలు. రచయిత రేపు సంపుటి వేసుకుంటే "మొదట ఫలానా పత్రికలో వచ్చింది" అని రాయమని అడగడంలో తప్పు లేదు. "సర్వహక్కులు పత్రికవి" అని పెట్టుకుని పారితోషికం కూడా ఇవ్వని పత్రికలున్నాయి. అది నాకు అన్యాయంగానే తోస్తుంది.

బడిలో రచన నేర్పే ఉపాధ్యాయులు పిల్లల నోటుపుస్తకాల నుంచి వాక్యాలు తీసి వ్యాసాల్లో చూపుతుంటారు. పిల్లవాడి పేరు, బడి పేరు, ఊరు పేరు తొలగించాలి. పద్దెనిమిదేళ్ల లోపువారైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. తప్పులను ఉదాహరణగా చూపేటప్పుడు నవ్వు పుట్టించే వ్యాఖ్య చేర్చకూడదు. మర్రిపాడు మండలంలో ఒకే ఉన్నత పాఠశాల ఉన్న ఊరి పేరు రాసి "పేరు మార్చాము" అని చెప్పడం గోప్యత అనిపించుకోదు. ఆత్మకథల్లో, జ్ఞాపకాల్లో బతికున్నవారి గురించి ఆరోపణ ఉంటే ఆధారం అడగాలి. "అభిప్రాయాలు రచయితలవే" అన్న ప్రకటన మర్యాద కోసమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను పరువునష్టం కలిగించే రాతను తెలిసి అచ్చువేసినవారిని కూడా శిక్షార్హుల్లో చేర్చింది.

చౌర్యం, యంత్రరచన

యూజీసీ 2018 నిబంధనలు సిద్ధాంత వ్యాసాల్లో ఇతర రచనలతో పోలిక (దీన్ని సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది) పది శాతం లోపుంటే శిక్ష లేదని, పది నుంచి నలభై, నలభై నుంచి అరవై, అరవై పైన అని మూడు అంచెలుగా చర్యలు పెట్టాయి. ఆ శాతాలను పత్రిక గుడ్డిగా వాడకూడదు. ఉల్లేఖనలు నిండిన వ్యాసానికి పోలిక ఎక్కువ చూపడం సహజం. ఒకే ఒక్క పేరా దొంగిలించినదానికి నాలుగు శాతమే రావచ్చు, అయినా అది చౌర్యమే. పైగా పాత తెలుగు పత్రికలు చాలావరకు బొమ్మల రూపంలో స్కాను అయి ఉన్నాయి గనుక యంత్రం వాటిని చదవలేదు.

కాబట్టి చేతితో చేసే తనిఖీ తప్పదు. వ్యాసంలో శైలి హఠాత్తుగా మారిన చోట ఏడెనిమిది మాటల వరుసను తీసి ఉల్లేఖన చిహ్నాల మధ్య వెతకాలి. ఎవరూ చేయని అచ్చుతప్పు రెండు వ్యాసాల్లో ఒకే చోట ఉంటే అంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు. చెప్పకుండా చేసిన అనువాదాన్ని ఉదాహరణలు పట్టిస్తాయి: రచన నేర్పే వ్యాసంలో పిల్లలు మంచు కురిసిన ఉదయం గురించి పేరా రాస్తుంటే, ఆ తరగతి గది ఆత్మకూరులో లేదని తెలుస్తుంది. పాత వ్యాసం అనుమానం వస్తే వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట మూలసంచికలు చూడాలి. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఒంగోలు నుంచి ఒక్క పూటలో వెళ్లి రావచ్చు.

కృత్రిమ మేధను రచయితగా పేర్కొనరాదని, వాడితే ఎక్కడ ఎలా వాడారో చెప్పాలని 1997లో బ్రిటన్‌లో మొదలైన ప్రచురణ నైతికతా సంఘం కోప్ 2023లో స్పష్టం చేసింది. తెలుగులో అదనంగా ఒక ప్రమాదం ఉంది. ఈ యంత్రాలు లేని పద్యాలను ఉన్న కవుల పేరు మీద, ఛందస్సు కూడా సరిగా లేకుండా, నమ్మకంగా చెబుతాయి. ఉటంకించిన ప్రతి పద్యానికీ అచ్చుపుస్తకం పుట సంఖ్య ఇవ్వాలని, అడిగితే ఆ పుట ఫొటో పంపాలని నియమం పెట్టండి. దీనివల్ల యంత్రం వాడినవారితోపాటు జ్ఞాపకం మీద ఆధారపడి తప్పు రాసే పండితులు కూడా జాగ్రత్తపడతారు.

ఫిర్యాదు, సవరణ, ఉపసంహరణ

ఫిర్యాదు రాతపూర్వకంగా, ఏ పుటలో ఏ వాక్యమో చూపిస్తూ రావాలి. రెండు పాఠాలను పక్కపక్కన పెట్టిన పట్టిక తయారుచేసి, ఫిర్యాదుదారు పేరు చెప్పకుండా రచయితకు పంపి, మూడు వారాల గడువు ఇవ్వాలి. ఇరువర్గాలతోనూ సంబంధం లేని ఇద్దరు దాన్ని చదివి తేల్చాలి. ఆ లోపు వాట్సాప్ బృందాల్లో సంపాదకవర్గం నోరు విప్పకూడదు. రచయిత నిర్దోషి అని తేలిన తర్వాత ఆ మాటలను వెనక్కి తీసుకునే మార్గం ఉండదు.

చిన్న తప్పుకు సవరణ, రచనను నమ్మరానిదిగా చేసే తప్పుకు ఉపసంహరణ. రెండూ తర్వాతి సంచికలో విషయసూచికలో కనిపించేలా రావాలి, చందాదారుల ఉత్తరాల చివర చిన్న అక్షరాల్లో కాదు. సవరణ ఇలా ఉండవచ్చు: "గత సంచిక 41వ పుటలో రెండో పేరాలో ఉల్లేఖించిన పద్యపాదం పేజీ కట్టేటప్పుడు సగానికి తెగిపోయింది. పొరపాటు పత్రికది, రచయితది కాదు. పూర్తి పాదం ఇది." ప్రతిదాన్నీ ముద్రారాక్షసం మీదికి తోసేయడం మన పత్రికల్లో పాత అలవాటు, తప్పు ఎవరిదో స్పష్టంగా రాయడమే సవరణకు ప్రాణం. ఉపసంహరించిన వ్యాసాన్ని అంతర్జాలంలో మాయం చేయకూడదు. దాన్ని అక్కడే ఉంచి, ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో ఉపసంహరించారో పైన రాయాలి. లేకపోతే దాన్ని ఇప్పటికే ఉటంకించినవారికి ఏం జరిగిందో తెలియదు.

డబ్బు సంగతి క్లుప్తంగానే చెబుతాను. రచయిత దగ్గర రుసుము తీసుకుంటే ఎంతో, ఎందుకో, రచన పంపకముందే కనబడాలి. అంగీకారానికి దానితో సంబంధం ఉండకూడదు. జీవితచందా కట్టినవారి రచనలకు ప్రాధాన్యం లేదని రాయాలి. స్థానిక వ్యాపారుల శుభాకాంక్షల ప్రకటనల మీద "ప్రకటన" అన్న మాట ఉండాలి. విరాళమిచ్చినవారి కవితా సంపుటిపై ప్రత్యేక వ్యాసం వేయవలసి వస్తే విరాళం సంగతి ఆ వ్యాసం కిందే చెప్పాలి.

పత్రిక ఆగిపోయే రోజు కోసం కూడా విధానంలో ఒక పేరా ఉండాలి. నెల్లూరు జమీన్ రైతు వారపత్రికకు దక్కిన దీర్ఘాయుష్షు చిన్న సాహిత్య పత్రికలకు అరుదు. నలుగురిలో ఇద్దరికి బదిలీ అయితే చాలు, సంచిక రాదు. అంగీకరించి వేయని రచనలను ఉత్తరం రాసి రచయితలకు విడిచిపెట్టాలి, లేకపోతే వారు వాటిని మరోచోటికి పంపడానికి సందేహిస్తారు. మిగిలిన చందా సొమ్ము తిరిగి ఇవ్వాలి. పూర్తి సంచికల కట్టలు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఒకటి, వేటపాలేనికి ఒకటి చేర్చాలి. పరిశీలకుల నివేదికలను ఎవరికీ ఇవ్వకుండా నాశనం చేయాలి. పునర్ముద్రణ అనుమతుల కోసం ఎవరికి రాయాలో, సవరణ కోరేవారు ఎవరిని సంప్రదించాలో చివరి సంచికలోనే అచ్చువేయాలి.